నీడగల వరండాకు కుండీ మొక్కలు

పట్టణములలో గృహముల రూపు మారిపోయినది. పెరడును, బావిని, బావిగట్టున అరటిచెట్టును, గోడవారగా మల్లెపొదను కలిగియుండిన ఇండ్లు నానాటికి తగ్గి, అంతస్తుపై అంతస్తుగా లేచిన అపార్టుమెంట్లు వాటి స్థానమును ఆక్రమించుచున్నవి. ఇట్టి ఇంటిలో పచ్చదనమునకు మిగిలిన చోటు వరండా ఒక్కటే. దానిని కొందరు బాల్కనీ యందురు. కొందరు వసారా యందురు. పేరేదైనను లక్షణము ఒక్కటే. పైన కప్పు, మూడు ప్రక్కల గోడలు, ఒక ప్రక్క మాత్రము ఆరుబయలు. పై అంతస్తువారి వరండాయే క్రింది అంతస్తువారి వరండాకు కప్పు. ఎదుటి భవనము మిక్కిలి దగ్గరగా ఉన్నచో ఆ ఒక్క ప్రక్కనుండి రావలసిన వెలుతురు సైతము చాలవరకు తగ్గిపోవును.

అయినను మొక్కలు పెంచవలెనను కోరిక గృహస్థులను విడువదు. క్రొత్త ఇంటిలో కాలుపెట్టిన వారమునకే తులసి కుండీ వచ్చును. దాని వెంట గులాబి, మందారము, మల్లె వచ్చును. నర్సరీనుండి తెచ్చిననాడు అవి కళకళలాడుచుండును. నెల గడచునప్పటికి మొగ్గలు రాలును. రెండు నెలలకు ఆకులు పసుపుబారును. నాలుగవ నెలకు ఎండుపుల్లలు మిగులును. మరల క్రొత్త మొక్కను తెత్తురు. మరల అదే గతి. కడపట ఇంటివారు చేయు తీర్మానము ఒక్కటే: “మా చేతివాసి మంచిది కాదు, మా ఇంట మొక్క బ్రదుకదు.” వాడిపోయినది తులసియైనచో ఆ మాటకు భయము కూడ తోడగును. ఆ భయము, దానితోడి నింద, తరచుగా ఇంటి ఇల్లాలిపై పడును.

ఇందులో చేతివాసి దోషమేమియు లేదని చెప్పుటయే మా ముఖ్యోద్దేశము. దోషము మొక్కకును చోటునకును కుదిరిన పొత్తులో ఉన్నది. చోటును చూచుకొని మొక్కను తెచ్చుకొనవలెను గాని, మొక్కను తెచ్చి చోటు వెదకరాదు. ఈ ఒక్క నియమమును పాటించినచో నీడ పట్టిన వరండా సైతము ఏడాది పొడుగున పచ్చగా నుండును.

మొక్క మట్టిని తిని బ్రదుకునని మనలో పెక్కురు తలంతురు. మట్టినుండి మొక్క గ్రహించునది నీరును, కొలదిపాటి లవణములును మాత్రమే. దాని అసలు ఆహారము చక్కెర. గాలిలోని బొగ్గుపులుసు వాయువును వేరులు తెచ్చిన నీటితో కలిపి, ఆకులోని పత్రహరితము సాయమున, వెలుతురు శక్తితో ఆ చక్కెరను మొక్క తానే వండుకొనును. వెలుతురు లేనిదే ఆ వంట సాగదు. ఐతే బ్రదికియుండుటకు మొక్క రాత్రియు పగలును ఈ చక్కెరను ఖర్చు చేయుచునే యుండవలెను. పగటి సంపాదన రేయింబవళ్ళ ఖర్చును మించినచో మొక్క పెరుగును, పూయును. సంపాదనయు ఖర్చును సరిసమానమైనచో ఎదుగుబొదుగు లేక నిలిచియుండును. సంపాదన తగ్గినచో కాండములోను వేరులలోను దాచుకొన్న నిలువను తినుట కారంభించును. నిలువ తరిగిననాడు చచ్చును. నీడలో పెట్టిన గులాబి వచ్చిన వారమునకే చావక మూడు నాలుగు నెలలు ఈడ్చుకొని వచ్చుటకు కారణ మిదియే. అంతకాలమును అది నర్సరీలో కూడబెట్టుకొన్న సొమ్మును కరగదీయుచున్నదన్నమాట.

అట్లయిన మన వరండాలో వెలుతురు ఎంత? ఇచట మన కన్ను మనలను మోసగించును. కంటిపాప వెలుతురును బట్టి కుంచించుకొనుచు, విప్పారుచు ఉండుటచేత ఆరుబయటనున్న వెలుతురునకును వరండాలోని వెలుతురునకును గల భేదము మనకు స్వల్పముగా తోచును. కొలత వేసి చూచినచో ఆ భేదము విస్మయము గొలుపును. నడి ఎండలో వెలుతురు సుమారు 1,00,000 లక్సులు ఉండును. లక్సు అనునది వెలుతురును కొలుచు ప్రమాణము. పెద్దచెట్టు పలుచని నీడలో అది 10,000 ప్రాంతమునకు దిగును. కప్పుగల వరండాలో లోపలిగోడ చెంత ఒకటి రెండు వేలు మాత్రమే ఉండవచ్చును. ఇంటి నడిమి గదిలో రెండు మూడు వందలకు మించదు. మనకు “చక్కని వెలుతురు” అని తోచిన చోటు ఎండకు అలవాటుపడిన మొక్కకు పస్తుండు చోటు కావచ్చునని దీనివలన తేలుచున్నది.

కొలత పరికరములు లేకున్నను వెలుతురును అంచనా కట్టుటకు రెండు సులువైన ఉపాయములు కలవు. మొదటిది చేతినీడ. మిట్టమధ్యాహ్నము కుండీ పెట్టదలచిన చోట ఒక తెల్లకాగితమును పరచి, దానికి జానెడెత్తున అరచేతిని చాపుడు. వ్రేళ్ళ అంచులు స్పష్టముగా కనబడుచు నల్లని నీడ పడినచో ఆ చోట వెలుతురు ధారాళముగా ఉన్నదనుకొనవచ్చును. వ్రేళ్ళు కలిసిపోయి మసక నీడ పడినచో అది మధ్యరకము. నీడయే కనబడకున్నచో అది మందపు వెలుతురు. రెండవ ఉపాయము ఇంకను తేలిక. కుండీ ఉండబోవు చోట, మొక్క తల ఉండు ఎత్తున, కన్ను ఉంచి బయటికి చూడుడు. ఎంత ఆకాశము కనబడునో మొక్కకు అంత వెలుతురు. ఎదుటివారి గోడ తప్ప ఆకాశమే కనబడని చోట పూలమొక్కను పెట్టుట వృథాశ్రమ. చేతిఫోనులో లక్సులను చూపు సాధనములు కూడ ఇప్పుడు దొరకుచున్నవి. అవి ఖచ్చితమైనవి కాకపోయినను, వరండాలో ఒక మూలకును మరియొక మూలకును గల తారతమ్యమును తెలిసికొనుటకు చాలును.

ఒక్కనాటి పరీక్షతో తృప్తిపడరాదు. సూర్యుని మార్గము ఋతువును బట్టి మారును. దక్షిణాభిముఖమైన వరండాను తీసికొందము. విజయవాడ ప్రాంతమున డిసెంబరు నెల మధ్యాహ్నమున సూర్యుడు దక్షిణపు ఆకాశమున సుమారు 50 డిగ్రీల ఎత్తున ఉండును. 10 అడుగుల ఎత్తున కప్పు ఉన్నచో, అడ్డుగోడ లేని చోట, ఆ ఎండ దాదాపు 8 అడుగుల లోపలికి ప్రవేశించును. అదే వరండాలోనికి మే, జూన్ నెలల మధ్యాహ్నమున ఎండ ఏమాత్రము రాదు. ఏలయన అప్పుడు సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరమునకు ఒరిగియుండును. ఉత్తరాభిముఖమైన వరండా సంగతి దీనికి తారుమారు. చలికాలమంతయు దానికి ఎండపొడ సోకదు. మార్చి చివరి వారము మొదలు సెప్టెంబరు మూడవ వారమువరకు ఉదయ సాయంకాలములందు ఏటవాలు ఎండ దానిపై పడును. తూర్పు వరండాకు లేత ఎండ లభించును. కుండీ మొక్కలకు ఇంతకన్న మేలైన దిక్కు లేదు. పడమటి వరండాకు వేసవి సాయంకాలపు తీక్షణమైన ఎండయు, వడగాలియు తగులును. అచట నీడమొక్కలను ఏప్రిల్, మే నెలలలో లోపలిగోడకు జరుపవలెను. కావున దిక్కును తెలిసికొనుట, ఏడాదికి రెండుసార్లయినను కుండీలను అటునిటు మార్చుట అవసరము.

ఇక నీడను సహించు మొక్కలు ఎక్కడనుండి వచ్చినవో విచారింతము. దట్టమైన వానల అడవిలో మహావృక్షముల కొమ్మలు పైన పందిరివలె అల్లుకొనును. వాటి క్రింద నేలను చేరు వెలుతురు పైదానిలో నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. అట్టి నేలపై పుట్టి పెరుగు మొక్కలు కాలక్రమమున ఆ పేదరికమునకు తగినట్లు తమ సంసారమును దిద్దుకొన్నవి. వాటి ఆకులు వెడల్పుగను, పలుచగను, ముదురాకుపచ్చగను ఉండును. వాటి పెరుగుదల మందము, ఖర్చు స్వల్పము. నేడు ఇండ్లలో కనబడు నీడమొక్కలలో అధికభాగము ఇట్టి అడవులనుండి వచ్చినవే.

నీడను ఉపయోగించుకొనుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. గుంటూరు సీమలోని తమలపాకు తోటలను చూచినవారికి ఈ సంగతి తెలియును. అచటి రైతు మొదట అవిసె గింజలు చల్లి మొలకలు పెంచును. అవిసె ఎదిగి నీడ ఇచ్చుటకు సిద్ధమైన పిదప దాని మొదట తమలపాకు తీగను నాటి, అవిసె మ్రానుకే ప్రాకించును. అవిసె ఆకులు సన్ననివి గనుక వాటి నీడ పలుచగా జల్లెడ పట్టినట్లుండును. తమలపాకునకు కావలసినది సరిగా ఆ వెలుతురే. మండుటెండలో దాని ఆకు మాడిపోవును. చీకటిలో తీగ సన్నగిల్లును. మొక్కను చూచి చోటును సిద్ధపరచుట రైతు పద్ధతి. వరండాలో మనము చోటును మార్చలేము గనుక, చోటును చూచి మొక్కను ఏరుకొందుము. సూత్రము ఒక్కటియే.

ఈ దృష్టితో వరండాను మూడు పట్టీలుగా విభజించుకొనవచ్చును. మొదటిది చువ్వల వెంబడినున్న అంచు. అచట రోజుకు రెండు మూడు గంటల లేత ఎండ తగిలినచో కనకాంబరము చక్కగా పూయును. అది దక్షిణ భారతమునకును సింహళమునకును స్వంతమైన మొక్క. కొంత నీడను సహించి తలలోనికి పూలను ఇయ్యగల కొలదిమొక్కలలో అది యొకటి. పుదీనయు, వామాకును ఈ అంచున బాగుగా పెరుగును; వంటింటికి పనికివచ్చును. పుదీనకు తడి ఇష్టము. వామాకు ఆకులు కండగలవి గనుక దానికి నీరు తక్కువ చాలును. ఈ రెంటిని ఒకే కుండీలో నాటరాదు.

రెండవది నడిమి పట్టీ. మసక నీడ పడు చోటు. తమలపాకు తీగకు ఇది తగిన స్థానము. ఒక కొయ్యకు కొబ్బరిపీచు చుట్టి కుండీలో పాతినచో తీగ తన కణుపువేరులతో దానిని పట్టుకొని ప్రాకును. పసుపు, అల్లము కూడ ఈ పట్టీకి తగినవే. పండుగకు మిగిలిన పచ్చిపసుపు కొమ్మును వేసవి చివర మట్టిలో పూడ్చినచో తొలకరికి మొలచి, వెడల్పాటి ఆకులతో దసరాదాక కనులపండువుగా ఉండి, చలికాలమున ఆకు ఎండిపోవును. అది చచ్చుట కాదు, దుంప నిద్ర. ఆ ఋతువున నీరు పోయుట మానవలెను. కలాడియము అను రంగురంగుల ఆకుల దుంపమొక్క తీరును అట్టిదే. సరస్వతి ఆకు తడినేలను, నీడను కోరును. వెడల్పాటి తట్టవంటి కుండీలో చక్కగా ప్రాకును. విదేశపు మొక్కలలో మనీప్లాంటు, సింగోనియము, ఎరీకా పామ్, ఫెర్నులు, బిగోనియాలు, తెల్లపూల పీస్‌లిలీ, ఆంథూరియము ఈ పట్టీకి చెందినవి. పూలు కావలెనను కోరిక గట్టిగా ఉన్నవారికి మేము పీస్‌లిలీని సూచింతుము. నీరు తక్కువైనచో తలవాల్చి చెప్పును; నీరు పోసిన కొన్ని గంటలలో లేచి నిలుచును. ఫెర్నులకు గాలిలో తేమ అవసరము. కోస్తా పట్టణములలో అవి సుఖముగా ఉండును. హైదరాబాదు, కర్నూలు వంటి చోట్ల వేసవిలో వాటిని నీటికుండ చెంత గుంపుగా ఉంచవలసియుండును.

మూడవది లోపలిగోడ; చేతినీడ పడని చోటు. అచట కోరికలను కుదించుకొనవలెను. కత్తులవలె నిలుచు స్నేక్‌ప్లాంటు, దుంపలలో నీటిని దాచుకొను జెడ్‌జెడ్ మొక్క, ముదురాకుపచ్చని ఆగ్లోనిమా అచట నిలుచును. మొదటి రెండును ఆఫ్రికా ఖండమునకు చెందినవి. అవి చీకటిని ప్రేమించునవి కావు, సహించునవి మాత్రమే. వాటిని నెలకొకసారి నడిమి పట్టీలోని మొక్కలతో తావు మార్చినచో రెండు తెగలును ఆరోగ్యముగా ఉండును.

గులాబి, మల్లె, మందారము, చామంతి, బంతి, కరివేపాకు, మిరప, టమాట మాత్రము నీడ వరండాకు తేదగినవి కావు. ఇవి ఎండబిడ్డలు. మన ఇండ్లముందు ఎప్పటినుండియో ఉన్న క్రోటన్లు కూడ నీడలో చావవు గాని, ఎరుపు పసుపు రంగులను పోగొట్టుకొని వట్టి ఆకుపచ్చగా మారిపోవును. తెల్లని మచ్చలు, చారలు గల ఆకుల విషయమున కూడ జాగ్రత్త అవసరము. తెల్లని భాగమున పత్రహరితము ఉండదు. అనగా ఆ భాగము తినునదే గాని వండునది కాదు. మచ్చలు ఎంత ఎక్కువైన వెలుతురు అంత ఎక్కువ కావలెను. చోటు మందమైనకొలది పచ్చని ఆకుల రకమునే ఎన్నుకొనుట మేలు.

మొక్కను కొనునప్పుడు అది ఎట్టి వెలుతురులో పెరిగినదో అడిగి తెలిసికొనవలెను. గోదావరి తీరమున కడియము, కడియపులంకల నర్సరీలు ప్రసిద్ధములు. అచటను ఇతరత్రను నీడమొక్కలను ఆకుపచ్చని వలపందిళ్ళ క్రింద పెంచుదురు. ఆ పందిరి క్రింది వెలుతురు సైతము మన వరండాలోని దానికన్న ఎక్కువ. కావున క్రొత్తమొక్క ఇంటికి వచ్చిన మొదటి నెలలో కొన్ని ఆకులను రాల్చుట సహజము. ఖర్చును ఆదాయమునకు తగినట్లు అది తగ్గించుకొనుచున్నది. ఆ సమయమున కంగారుపడి ఎక్కువ నీరు పోయుట, ఎరువు వేయుట, కుండీ మార్చుట కూడదు. తెచ్చిన మొక్కను రెండు వారములు అంచున ఉంచి, క్రమముగా లోపలికి జరుపుట మంచి పద్ధతి. కొనునప్పుడు పూలను చూచి మోసపోక, ఆకుల అడుగుభాగమును త్రిప్పి చూడుడు. తెల్లని దూదివంటి పిండినల్లి ఉన్నచో ఆ మొక్కను విడువుడు.

నీడమొక్కలను చంపునది నీడకన్న నీరని మేము గట్టిగా చెప్పుదుము. ఎండలో నిలిచిన కుండీ ఒక్క పగటిలో తాగు నీటిని నీడలోని కుండీ నాలుగైదు దినములకు గాని తాగలేకపోవచ్చును. అయినను మనము ప్రొద్దుటి పూజవలె నిత్యము చెంబెడు నీరు పోయుదుము. మట్టి సందులలోని గాలి తొలగి అంతయు నీరే నిండును, వేరులకు ఊపిరి ఆడదు, అవి కుళ్ళును. వేరు కుళ్ళిన మొక్క నీటిని తీసికొనలేక వాడును. వాడినది చూచి దాహము కాబోలునని మరింత నీరు పోయుదుము. పెక్కు మొక్కలు ఇట్లు దయచేతనే చచ్చుచున్నవి. చూపుడువ్రేలిని రెండు కణుపుల లోతున మట్టిలోనికి దించి చూడుడు. తడి తగిలినచో ఆనాడు నీరు వలదు. పొడిగా ఉన్నచో అడుగు రంధ్రమునుండి కారువరకు పోసి, మరల ఎండువరకు ఆగుడు. స్నేక్‌ప్లాంటు, జెడ్‌జెడ్ మొక్కలకు మట్టి అడుగుదాక పూర్తిగా ఆరినగాని పోయరాదు. తమలపాకు, ఫెర్ను, సరస్వతి ఆకులను మాత్రము పూర్తిగా ఆరనీయరాదు.

నీడకు కాల్చిన మట్టికుండీయే ఉత్తమము. దాని గోడలగుండ తేమ ఆవిరియై పోవును. ప్లాస్టిక్ కుండీలో తేమ నిలుచును. కావున దానికి నీరు ఇంకను తగ్గించవలెను. ఏ కుండీకైనను అడుగున రంధ్రము తప్పనిసరి. నల్లరేగడిని ఒంటిగా వాడరాదు. అది తడిసిన బంకయై, ఎండిన బీటలు వారును. ఎర్రమట్టి ఒక పాలు, బాగుగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టును ఇసుకయు కలిపి ఒక పాలు చేర్చిన మిశ్రమము చాలవరకు అన్నింటికి సరిపోవును. ఎరువును వానకాలమున రెండు మూడు మారులు గుప్పెడు చొప్పున వేసిన చాలును. సంపాదన తక్కువైన మొక్కకు ఎరువు బలము కాదు, బరువు. పదిహేను దినములకొకసారి తడిగుడ్డతో ఆకుల దుమ్ము తుడిచినచో, ఉన్న కొద్ది వెలుతురు వ్యర్థము కాదు. తడిసిన 12 అంగుళముల కుండీ పాతిక కిలోలకు పైగా తూగును. కావున పెద్ద కుండీలను వరండా చువ్వల చెంత బారుగా కాక లోపలిగోడ ప్రక్కన ఉంచవలెను. ఏసీ యంత్రము వెడలగ్రక్కు వేడిగాలి తగులు చోట ఏ మొక్కయు బ్రదుకదు.

కుండీ క్రింది పళ్ళెముల విషయమున ఏమరుపాటు తగదు. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమ మురికి గుంటలను కోరదు. ఇంటిలోని తేటనీటిని కోరును. కుండీ పళ్ళెములో నిలిచిన నీరు దానికి పుట్టినిల్లు. గ్రుడ్డునుండి రెక్కల దోమ వెలువడుటకు వారము పది దినములు చాలును. దాని గ్రుడ్లు పాత్రగోడకు అంటుకొని నెలల తరబడి ఎండినను చావక, మరల నీరు తగిలిననాడు పొదుగును. కావున వారమునకొకసారి పళ్ళెములలోని నీటిని పారబోయుట మాత్రమే కాక, గట్టి బ్రష్షుతో రుద్ది కడుగవలెను. నీటిలో ఉంచిన మనీప్లాంటు సీసాలకును ఇదే నియమము. పళ్ళెములో ఇసుక నింపియుంచుట మరియొక ఉపాయము.

పసిపిల్లలున్న ఇండ్లవారు ఇంకొక సంగతి గుర్తింపవలెను. కంద, చేమ తరుగునప్పుడు చేతికి దురదయెక్కుట మన వంటిండ్లలో అందరెరిగినదే. ఆ మొక్కలలోని సూదులవంటి సున్నపు స్ఫటికములే దానికి కారణము. మనీప్లాంటు, సింగోనియము, ఆగ్లోనిమా, పీస్‌లిలీ, ఆంథూరియము, డిఫెన్‌బేకియా అన్నియు ఆ కంద కుటుంబమువే. జెడ్‌జెడ్ మొక్కయు అదియే. వీని ఆకును పిల్లవాడు కొరికినచో నోరు, నాలుక మండి వాచును. డిఫెన్‌బేకియా విషయమున ఈ బాధ తీవ్రముగా ఉండును. ప్రాకు బిడ్డ ఉన్న ఇంట దానిని తేకుండుటయే మేలు. తక్కినవానిని చేతికందని ఎత్తున వ్రేలాడదీయవచ్చును. పిల్లవాడు కొరికినట్లు తెలిసినచో నోరు కడిగి, వాపు కనబడినను, మ్రింగుటకు గాని ఊపిరికి గాని కష్టమైనను వెంటనే వైద్యునికడకు తీసికొని పోవలెను.

ఇంటిలోని గాలిని ఈ మొక్కలు పరిశుభ్రము చేయునని అమ్మకపుదారులు చెప్పుదురు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ మూసిన పెట్టెలలో జరిపిన పరీక్షలు ఈ మాటకు మూలము. గాలి వచ్చుచు పోవుచునుండు నిజమైన ఇంటిలో ఆ ఫలితము లెక్కకు రాదని 2019లో వెలువడిన ఒక సమీక్ష స్పష్టపరచినది. కిటికీ తెరచుట వందల కుండీలకన్న ఎక్కువ పనిచేయును. మొక్కను కంటికి చలువకొరకు, పూజకు ఆకుకొరకు, వంటకు రుచికొరకు పెంచుడు. గాలికొరకు కిటికీ తెరువుడు.

కడపట తులసి మాట. తులసి సూర్యుని మొక్క. రోజుకు నాలుగైదు గంటలయినను నేరుగా ఎండ తగలనిచో అది పొడుగుగా సాగి, ఆకు పలుచనై, క్రమముగా చచ్చును. ఎంత భక్తితో ప్రదక్షిణము చేసినను, ఎంత మడితో నీరు పోసినను ఈ ప్రకృతి నియమము మారదు. పూర్వులు కోటను పెరటి నడుమ ఆరుబయట కట్టినది ఈ నియమమునకు సరిపడియున్నది. పైగా తులసి నూరేండ్ల మ్రాను కాదు. ఎండలో పెరిగినను రెండు మూడేండ్లకు కొమ్మ ముదిరి ఉడిగిపోవు స్వభావము గలది. నీడ వరండావారు రెండు కుండీలను పెంచుట మంచిది. ఒకటి మేడపైన, లేక ఆవరణలో ఎండ తగులు చోట ఉండవలెను. రెండవది ఇంటిలో పూజయందు ఉండవలెను. వారమునకొకసారి వీనిని మార్చవలెను. వెన్నులను ఎప్పటికప్పుడు గిల్లినచో మొక్క గుబురుగా ఉండును. ఒకటి రెండు వెన్నులను పండనిచ్చి, ఆ గింజలను ఏటేట తొలకరిలో చల్లినచో ఇంటి తులసికి సంతతి తెగదు.

ఇంతచేసియు ఒక తులసి వాడినచో అది అపశకునమనియు, ఇంటి ఇల్లాలి లోపమనియు అనుట అన్యాయము. చాలినంత ఎండ దొరకక ఒక మొక్క పస్తుండి పోయినది, అంతియే. నింద మోపుటకు ముందు మిట్టమధ్యాహ్నము ఆ కుండీ చెంత ఒక తెల్లకాగితము పరచి చేయి చాపి చూడుడు. ఆ కాగితముపై పడినది నల్లని నీడయా, మసక నీడయా, అసలు లేదా అనునది మన ఇంట ఏ మొక్క బ్రదుకునో తెలుపును.